ఆషాఢంలో ప్రీమియం బాండ్లు

నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను. రెండెనిమిదులు పదహారు కాబట్టి నాది ఎమ్మేతో సమానమైన చదువని ఇప్పటికీ వాదిస్తుంటాను. నా చేతిలో డబ్బు ఎందుకు నిలవలేదో తెలుసుకోవడానికి మా లెక్కల మాస్టారిని వెతికి పట్టుకోనక్కర్లేదు, ఈ ఒక్క వాదన వింటే చాలు.

ఇలాంటివాడు అమెరికా ఎలా వచ్చాడని అడుగుతారు. మా ఆవిడ వెంట వచ్చాడు. ఆవిడ నర్సు. ఆవిడ చదువు చూసి ముందు ఇంగ్లండు రమ్మంది, తర్వాత అమెరికా రమ్మంది. రెండుసార్లూ ఆవిడ సామానులో నేనూ ఒక శాల్తీని. వీసా ఆఫీసులో మీ వృత్తి ఏమిటని అడిగితే "భర్త" అని చెప్పాను. ఆ అధికారి నవ్వకుండా రాసుకున్నాడు.

ఇంగ్లండులో మా ఆవిడ ఆస్పత్రిలో చేస్తుంటే నేను బస్సు డిపోలో బస్సులు కడిగేవాణ్ణి. డిపోకీ మా గదికీ మధ్య ఒక పోస్టాఫీసు ఉండేది. జీతం రోజున అక్కడ ఆగి ప్రీమియం బాండ్లు కొనడం నాకు అలవాటైంది. ప్రీమియం బాండ్లంటే అక్కడి ప్రభుత్వం అమ్మే పొదుపు బాండ్లు, పౌండుకి ఒకటి. ప్రభుత్వం మన డబ్బు దగ్గర పెట్టుకుంటుంది, వడ్డీ మాత్రం ఎవరికీ విడిగా ఇవ్వదు. అందరి వడ్డీ ఒక కుప్ప పోసి, నెలనెలా ఒక యంత్రం చేత నంబర్లు తీయించి, ఆ నంబర్లవాళ్లకి బహుమతులుగా పంచుతుంది. చిన్న బహుమతులు చాలా ఉంటాయి, పెద్దది లక్షల్లో ఉంటుంది. మన నంబరు రాకపోయినా అసలు ఎక్కడికీ పోదు. కావాలన్నప్పుడు వెనక్కి తీసుకోవచ్చు.

మన ఊళ్లో చీటీలు కట్టి చేతులు కాల్చుకున్నవాడికి ఇది ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. పాట పాడక్కర్లేదు. కమిషను లేదు. చీటీ నడిపేవాడు ఇంటికి తాళం వేసి పరారవుతాడన్న భయం లేదు, ఎందుకంటే నడిపేది రాణిగారి ప్రభుత్వం. నేను అప్పుడే అనుకున్నాను, ఇంతకంటే తెలివైన పని నా జీవితంలో చేయబోనని. ఆ మాట నిజమే అయింది, కాకపోతే నేను అనుకున్న అర్థంలో కాదు.

మా అమ్మాయి పుట్టిన మూడో నెలలో నాకు ఇరవై అయిదు పౌండ్ల బహుమతి వచ్చింది. దాంతో పిల్లని తోసుకెళ్లే బండి కొన్నాను. పార్కులో ముసలమ్మలు వంగి చూసి పిల్ల ముద్దుగా ఉందనేవాళ్లు. నేను బండి లాటరీలో వచ్చిందని చెప్పేవాణ్ణి. వాళ్లు పిల్ల పేరు అడిగితే నేను బాండు నంబరు చెప్పేవాణ్ణి.

ఆ ఒక్క బహుమతే నన్ను చెడగొట్టింది. అది రాకపోయుంటే ఆర్నెల్లకి విసుగొచ్చి మానేసేవాణ్ణి. వచ్చింది కాబట్టి ఆ యంత్రానికి నేనంటే ఇష్టమని నమ్మాను. ఆ తర్వాత అది మళ్లీ నా ముఖం చూడలేదు.

డెబ్భైలు ముగిసిపోతుండగా మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌కి వచ్చాం. మా ఆవిడకి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ, నాకు హైవే పక్కన పెట్రోలు బంకులో గల్లాపెట్టె దగ్గర ఉద్యోగం. ఇక్కణ్ణుంచి కొత్త బాండ్లు కొనే వీలు లేకపోయింది గానీ, ఉన్నవాటిని ఉంచుకున్నాను. మా అపార్ట్‌మెంటు పైన వరంగల్ నుంచి వచ్చిన ఇంజనీరొకాయన ఉండేవాడు. చిప్పులు చేసే కంపెనీలో పని. భార్య, ఇద్దరు కవల మగపిల్లలు. ఆదివారం మధ్యాహ్నం అయితే వాళ్లు మా ఇంట్లోనో, మేం వాళ్లింట్లోనో భోంచేసేవాళ్లం. నా బాండ్ల సంగతి విన్న మొదటి ఆదివారమే ఆయన పెరుగన్నం చెయ్యి కడుక్కోకుండా లెక్కలు చెప్పాడు.

"అన్నా, ఇప్పుడు పౌండు రెండు డాలర్ల పైన పలుకుతున్నది. తీసెయ్యి. ఇక్కడ బ్యాంకుల ఎయ్యి. రెండంకెల వడ్డీ ఇస్తున్నరు, ఇసుంటి కాలం మళ్ల రాదు."

"వడ్డీ ఎవడిక్కావాలి తమ్ముడూ. వడ్డీతో కోటీశ్వరుడైనవాణ్ణి ఒక్కణ్ణి చూపించు."

"మా ఊర్ల ఉన్నడు. వడ్డీకిచ్చినోడు."

నేను నవ్వేసి ఇంకొంచెం పప్పు వడ్డించాను. ఆ తర్వాత పౌండు మెట్లు దిగడం మొదలెట్టింది. ఏటికేడు దిగుతూ, ఎనభైల నడుమకి వచ్చేసరికి డాలరు పక్కన దాదాపు సమానంగా నిలబడింది. ఇంజనీరు ఆదివారం పేపరు పట్టుకుని దిగి వచ్చి, పరామర్శకి వచ్చినవాడిలా మెల్లగా కూర్చునేవాడు.

"సగం పాయె గదన్నా."

"ఎక్కడ పోయింది? నా పౌండ్లలో ఒక్కటి తగ్గిందా? అసలు అసల్లాగే ఉంది."

"ఉన్నయి, కాదంటలేను. పౌండ్లు ఇంగ్లండుల ఉన్నయి. నువ్వు ఫ్రీమాంట్‌ల ఉన్నవ్."

మా ఆవిడ ఈ వాదనల్లో పెద్దగా తలదూర్చేది కాదు. ఆవిడకి కావలసింది ఒక్కటే, నిద్ర. రాత్రంతా వార్డులో నిలబడి, పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే, పైన ఇంజనీరు కవలలు సోఫా మీంచి నేల మీదకి దూకే ఆట మొదలెట్టేవాళ్లు. వాళ్లు దూకితే మా పడగ్గది దీపం ఊగేది. ఆయన కొట్టాడు, తిట్టాడు, మందపాటి తివాచీ పరిచాడు. తివాచీ పరిచాక వాళ్లకి దూకడం ఇంకా హాయిగా ఉంది. మా ఆవిడ కళ్ల కింద చారలు చూసి నేను జోకులెయ్యడం మానేశాననుకోండి, పరిస్థితి ఎంతదాకా వచ్చిందో అర్థం చేసుకోవచ్చు. ఆవిడకి పైన ఎవరూ లేని ఇల్లు కావాలి. పైన ఆకాశం తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ఫ్రీమాంట్‌లో ఇళ్లు అప్పటికే మా బోటివాళ్ల వంక చూడ్డం మానేశాయి. అలాంటప్పుడు ఇల్లు నా గల్లాపెట్టె దగ్గరికే నడిచి వచ్చింది. ఒక పోర్చుగీసు ముసలాయన, బే అనే సముద్రపు పాయ ఒడ్డున ఉప్పు మడుల్లో పనిచేసి రిటైరైనవాడు, రోజూ పొద్దున్నే పాత పికప్ ట్రక్కులో వచ్చేవాడు. మా బంకులో రాష్ట్రం లాటరీ టికెట్లు అమ్మడం మొదలైన నాటినుంచీ ఆయనకి ఒకటే పద్ధతి. ఒక కాఫీ, ఒక డాలరు గీకుడు టికెట్టు. గల్లాపెట్టె దగ్గరే నిలబడి ట్రక్కు తాళంచెవితో టికెట్టు గీకేవాడు. ఏమీ తగలకపోతే దాన్ని చెత్తబుట్టలో వేసి, కాఫీ మూత పెట్టుకుని వెళ్లిపోయేవాడు. డాలరు పోగొట్టుకునే ఆట అని నేను ఆయన్ని రోజూ వెక్కిరించేవాణ్ణి, మా ప్రీమియం బాండ్ల గొప్పతనం రోజూ చెప్పేవాణ్ణి. భార్య పోయింది, ఇల్లు అమ్మేసి మోడెస్టోలో కూతురి దగ్గరికి వెళ్లిపోతానని ఒకరోజు ఆయన అన్నాడు.

సెలవు రోజున మా ఆవిణ్ణి తీసుకెళ్లి ఇల్లు చూపించాను. ఆవిడ వంటగది చూడలేదు, గరాజ్ చూడలేదు. నేరుగా వెనక పడగ్గదిలోకి వెళ్లి, తలుపేసుకుంది. ఎంతసేపటికీ రాకపోతే ముసలాయన కంగారుపడి తలుపు కొంచెం తీశాడు. మా ఆవిడ ఖాళీ తివాచీ మీద చేతి సంచీ తలకింద పెట్టుకుని పడుకుని ఉంది.

"ఒంట్లో బాగోలేదా?" అన్నాడు ఆయన.

"అదేం లేదు. ఇల్లు చూస్తోంది," అన్నాను.

ఆవిడ లేచి వచ్చి చీర సర్దుకుని, "ఇదేనండీ," అంది. అంతే.

ఇంటికి ముందుగా కట్టాల్సిన డౌన్ పేమెంట్‌లో సగం ఆవిడ బ్యాంకులో ఉంది. మిగతా సగం నా బాండ్లలో ఉంది. పౌండు అప్పటికి కాస్త లేచి కూర్చుంది కాబట్టి సరిగ్గా సరిపోతుందని ఇంజనీరు లెక్క కట్టి చెప్పాడు. జులై ఆఖరుకి డబ్బు కట్టాలి. లేకపోతే కంప్యూటర్ కంపెనీ దంపతులెవరో చెక్కు పుస్తకం జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు, వాళ్లకి ఇచ్చేస్తానన్నాడు ముసలాయన. న్యాయమే. బాండ్లు వెనక్కి తీసుకునే ఫారం కోసం ఇంగ్లండుకి రాశాం. అది వచ్చింది. మా ఆవిడ మొత్తం నింపి, నా సంతకం చోటు మాత్రం వదిలేసి, పెన్ను నా ముందు పెట్టింది.

ఇక్కడ నా మనసులో మాట చెప్పాలి. బాండ్లున్నంత కాలం నేను లక్షాధికారిని, కాకపోతే ఇంకా డబ్బు అందలేదు. బంకులో ఎవరైనా చిల్లర కోసం నా మీద అరిచినా, కొత్తగా వచ్చిన మేనేజరు నాకంటే చిన్నవాడైనా, నాకు పట్టేది కాదు. వచ్చే నెల డ్రాలో నా నంబరు ఉంది కదా అనుకునేవాణ్ణి. సంతకం పెట్టిన మర్నాటినుంచి నేను వట్టి గుమాస్తాను. అందుకని ఇంకొక్క డ్రా చూద్దామనిపించింది.

"సంతకం పెట్టండి. పొద్దున డ్యూటీ నుంచి వస్తూ పోస్టులో వేసేస్తాను."

"ఇవాళ శుక్రవారం."

"అయితే?"

"శుక్రవారం పూట లక్ష్మిని ఎవరైనా బయటికి పంపిస్తారా?"

జ్వరం లేని రోగి కలవరిస్తుంటే నర్సులు చూసే చూపొకటి ఉంటుంది. అలా చూసింది.

"లక్ష్మి మనింట్లో ఎక్కడుందండీ, ఇంగ్లండులో ఉంది. మనం రమ్మంటున్నాం, పొమ్మనట్లేదు."

"రమ్మన్నా అంతే. శుక్రవారం ప్రయాణం పెట్టకూడదు."

శనివారం కొత్త పని మొదలెట్టకూడదన్నాను. ఆదివారం పోస్టు లేదు. సోమవారం ఆవిడకి రెండు డ్యూటీలు పడ్డాయి. మంగళవారం డబ్బు విషయం ముట్టుకోకూడదన్నాను. నాకు తెలిసిన నిషేధాలు అక్కడితో అయిపోయాయి కాబట్టి పైకి వెళ్లి ఇంజనీరు ఇంట్లోంచి పంచాంగం తెచ్చుకున్నాను. వాళ్లమ్మగారు దాన్ని ఏటా పంపించేది, వాళ్లు ఏటా దాన్ని టీవీ కాలి కింద ఎత్తుకి పెట్టుకునేవాళ్లు. నేను తీసుకున్నాక వాళ్ల టీవీ ఒక పక్కకి ఒరిగింది. పంచాంగంలో చూస్తే ఆ రోజే అమావాస్య, తెల్లారితే ఆషాఢం. వేసవి సెలవులిచ్చిన కుర్రాడిలా అయిపోయాను.

"ఆషాఢంలో ఇంటి మాట ఎత్తకూడదు. పెద్దవాళ్లు ఊరికే పెట్టారా?"

"ఏ పెద్దవాళ్లండీ? మీ చెల్లెలి పెళ్లికి ముహూర్తం ఎప్పుడు పెడదామంటే, ఆదివారమైతే బస్సులు ఖాళీగా ఉంటాయన్న మనిషి కదూ మీరు."

"వయసొచ్చాక జ్ఞానం వస్తుంది."

ఆవిడ లేచింది. ఫారం మడిచి దేవుడి గూట్లో పెట్టి డ్యూటీకి వెళ్లింది. నేను గెలిచాననుకున్నాను. పెళ్లయిన మగవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, భార్య వాదన ఆపేస్తే గెలిచామనుకోవద్దని చెబుతున్నాను.

మర్నాడు పొద్దున ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి నన్ను లేపింది. అప్పటికి నా డ్యూటీకి రెండు గంటల టైముంది.

"రాత్రంతా ఆలోచించానండీ. మీరన్నది నిజం. ఆషాఢం పాటించాల్సిందే. కాకపోతే ఒక మూల పట్టుకుంటే దోషం. పాటిస్తే మొత్తం పాటించాలి. లేచి చన్నీళ్లు పోసుకోండి."

పోసుకున్నాను. టిఫిన్లో గుడ్డు లేదు. మధ్యాహ్నం డబ్బాలో ఉల్లిపాయ లేని వంకాయ కూర ఉంది. రాత్రికి వెల్లుల్లి లేని చారు. ఆదివారం ఇంజనీరు వాళ్లావిడ కోడి పులావు చేసి పిలిస్తే, "మా ఆయన తినరమ్మా, ఆషాఢం పట్టారు," అని నా పళ్లెంలో దద్దోజనం పెట్టించింది. ఇంజనీరు నా ఎదురుగా కూర్చుని కోడి కాలు తింటూ, "గొప్ప నిష్ఠ అన్నా నీది, మా అమ్మకు ఫోన్ల చెప్త," అన్నాడు. శనివారం తాగే ఒక్క బీరూ పోయింది. మంగళ, శుక్రవారాలు గడ్డం గీసుకోకూడదట. ఫలానా తిథినాడు ఫలానా కూరగాయ తినకూడదట. ఆ కూరగాయలన్నీ నాకు ఇష్టమైనవే ఎలా అయ్యాయో నాకు తెలీదు. పంచాంగం ఇప్పుడు ఆవిడ చేతిలో ఉంది.

బంకులో గాజు పెట్టెలో హాట్ డాగులనే మాంసం కడ్డీలు రోజంతా గుండ్రంగా తిరుగుతూ ఉండేవి. నా గల్లాపెట్టెకి అవి మూరెడు దూరం. అంతకుముందు వాటి వంక చూసేవాణ్ణి కూడా కాదు. ఆషాఢంలో ఒక్కొక్కటీ ఎన్ని చుట్లు తిరుగుతోందో నాకు తెలుస్తూ ఉండేది.

రెండో వారంలో ఆవిడ బర్కిలీ వెళ్లి ఇండియన్ షాపులోంచి గోరింటాకు పొడి తెచ్చింది. నాకు కాదనుకున్నాను.

"చెయ్యి పట్టండి."

"మగవాడికి గోరింటాకేమిటే?"

"ఆషాఢంలో ఇల్లు కొనకూడదని మీకు చెప్పారే, ఆ పెద్దవాళ్లే నాకు ఇదీ చెప్పారు. మీకు మీ పెద్దవాళ్లు, నాకు నా పెద్దవాళ్లు."

అరచేతిలో ఒక పెద్ద చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకి టోపీలు. ఆవిడ నర్సు కదా, చేసే పని శుభ్రంగా చేస్తుంది. మా అమ్మాయి సమ్మర్ స్కూలుకి బయల్దేరే ముందు చూసి, "నాన్నా, నీ హ్యాండ్ ఆరెంజ్ ఉంది. టుడే నన్ను పికప్ చేయడానికి రావద్దు, ప్లీజ్," అంది.

ఆ చేత్తోనే మర్నాడు ముసలాయనకి లాటరీ టికెట్టు అందించాను. ఆయన టికెట్టు తీసుకోకుండా చెయ్యి పట్టుకుని చూశాడు.

"ఏమైంది? కాలిందా?"

కాలలేదని చెప్పాను. ఎందుకు పెట్టుకున్నావన్నాడు. ఆషాఢం గురించి చెప్పాల్సి వచ్చింది. ఆషాఢం ఎందుకు పట్టావంటే ఫారం గురించి, ఫారం ఎందుకు ఆగిందంటే డ్రా గురించి. నా ఇంగ్లీషు బస్సు డిపోలో నేర్చినది, ఆయనది ఉప్పు మడుల్లో నేర్చినది. అయినా కథ మొత్తం అర్థమైంది ఆయనకి. నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, మేం మాట్లాడుకున్నది మా ఇద్దరి ఇంగ్లీషులో.

"అయితే నా ఇంటి డబ్బు రానిది దీనివల్లా? చంద్రుడు అడ్డమన్నాడని ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు చెప్తే వాడు తాగున్నాడనుకున్నాను."

"ఇంకొక్క డ్రా, అంతే. పోయేదేమీ లేదు. మీ టికెట్టులా డాలరు తగలేసే పని కాదిది."

ఆయన టికెట్టు అందుకుని తాళంచెవితో గీకాడు. ఏమీ తగల్లేదు. చెత్తబుట్టలో వేశాడు.

"ఆ బాండ్లు ఎన్నాళ్లుగా ఉన్నాయి నీ దగ్గర?"

"పదమూడేళ్లు."

"ఎన్నిసార్లు గెలిచావు?"

"ఒకసారి."

"చూడు, నేను ఓడిపోయానని నాకు నిమిషంలో తెలిసిపోతుంది. కాఫీ చల్లారక ముందే ఇంటికి వెళ్లిపోతాను. నీకు పదమూడేళ్లయినా ఇంకా తెలియలేదు." కాఫీ మూత పెట్టుకున్నాడు. "నాకు ఆ కంప్యూటర్ వాళ్లు మళ్లీ ఫోను చేశారు. వాళ్లు వచ్చి కిటికీలు కొలుచుకున్నారు. మీ ఆవిడలాగా ఎవరూ పడుకుని చూడలేదు. అందుకే ఇంకా అవునని చెప్పలేదు. ఎన్నాళ్లు చెప్పకుండా ఉంటానో నాకు తెలీదు."

ఆయన ట్రక్కు వెళ్లిపోయింది. పెట్రోలు కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లు చెయ్యి చూసి ఏదో అడుగుతున్నారు, చిల్లర ఇచ్చి పంపేస్తున్నాను. నేను డబ్బు పోగొట్టుకోలేదు, అది నిజమే. అసలు అసల్లాగే ఉంది. ఇంట్లో ఒక మనిషి పగలంతా దిండు చెవులకి అడ్డం పెట్టుకుని పైకప్పు వంక చూస్తూ పడుకునేది, ఆ లెక్క మాత్రం నేను ఎప్పుడూ వెయ్యలేదు. ఎనిమిదో తరగతిలో ఆ లెక్క చెప్పలేదు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి పైన కవలలు దూకుతున్నారు. మా ఆవిడ మంచం మీద కూర్చునే ఉంది. దేవుడి గూట్లోంచి ఫారం తీసి, ఆ రంగు చేత్తోనే సంతకం పెట్టి ఇచ్చాను.

ఆవిడ తీసుకోలేదు.

"ఇవాళ శుక్రవారం కదండీ."

"తెలుసు."

"లక్ష్మికి ప్రయాణం మంచిది కాదేమో. పైగా ఇప్పుడు దుర్ముహూర్తం నడుస్తోంది. పంచాంగం చూడమంటారా?"

"నువ్వు పోస్టులో వేస్తావా, నన్ను వెయ్యమంటావా?"

"ఆషాఢం?"

"ఆషాఢం ఇండియాలో. ఇక్కడ జులై."

ఆవిడ అప్పుడు నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. చెప్పులేసుకుని ఇద్దరం నడిచి వెళ్లి డబ్బాలో వేశాం. వచ్చేటప్పుడు సూపర్ మార్కెట్‌లో ఒక కోడి కొంది. నన్ను అడగలేదు.

ఫారం ఇంగ్లండు వెళ్లడం, చెక్కు రావడం, ఆ పౌండ్ల చెక్కుని ఇక్కడి బ్యాంకు డాలర్లుగా మార్చడం, ఇవన్నీ మేం అనుకున్నదానికంటే నెమ్మదిగా నడిచాయి. జులై ఆఖరు దాటిపోయింది. ఆ రోజుల్లో మా ఆవిడ పోస్టు డబ్బా దగ్గరికి వెళ్లి వచ్చేటప్పుడు ముఖం చూడ్డానికి నాకు ధైర్యం ఉండేది కాదు. ముసలాయన రోజూ బంకుకి వచ్చి, టికెట్టు గీకే ముందు, "వచ్చిందా?" అనేవాడు. లేదంటే, గీకి పారేసి, "రేపు చూద్దాం," అనేవాడు. ఆ 'రేపు' ఏ రోజు ఆగిపోతుందోనని నేను ఆయన కాఫీకి డబ్బులు తీసుకోవడం మానేశాను. అది లంచం కాదు, కానుక. రెండింటికీ తేడా ఏమిటని మా మేనేజరు అడిగాడు గానీ నేను వివరించలేకపోయాను.

చెక్కు వచ్చింది. ఇల్లు మాదైంది. పాలు పొంగించేనాటికి శ్రావణం వచ్చేసింది కూడాను, అందుకని ఇంజనీరు వాళ్లమ్మగారు ఫోన్లో విని, ఎంత పద్ధతిగల మనుషులని మెచ్చుకుందట. ఆ రోజు వచ్చినవాళ్లంతా ముందుగదిలో కూర్చుని మాట్లాడుకుంటుంటే, కవలలిద్దరూ కొత్త సోఫా మీంచి దూకుతుంటే, మా ఆవిడ కనిపించలేదు. ఎక్కడుందా అని చూస్తే, వెనక గదిలో పట్టుచీరతోనే తలుపేసుకుని నిద్రపోతోంది. ముసలాయన కూడా మోడెస్టో నుంచి వచ్చాడు. నెమ్మదిగా మాట్లాడమని అందరికీ సైగలు చేసింది ఆయనే.

ఇల్లు కొన్న కొత్తలో నేను అందరికీ ఒకటే చెప్పేవాణ్ణి. బాండ్లు నాకు పిల్ల బండి ఇచ్చాయి, ఇల్లూ ఇచ్చాయి, ఇంకేం కావాలి అని. పైకి అలా అన్నా, నెల మొదట్లో మాత్రం మనసు కాస్త పీకేది. అక్కడ యంత్రం నంబర్లు తీస్తూ ఉంటుంది, వాటిలో నాది ఉండదు.

ఒక శనివారం అలాగే కూర్చున్నాను. పెరట్లో గడ్డి మోకాలిదాకా పెరిగింది. అమెరికాలో ఇల్లు కొంటే గడ్డి కోసే పని కూడా కొన్నట్టేనని నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. సోఫాలో కాళ్లు చాపుకుని, పైకప్పు వంక చూస్తూ అన్నాను.

"ఆ బాండ్లు ఇంకొక్క నెల ఉంచుంటే ఎలా ఉండేదో. ఈ నెల పెద్ద ప్రైజు మనకే వచ్చుండేదేమో."

మా ఆవిడ నిండుగా నిద్రపోయి లేచి వచ్చి టీ తాగుతోంది.

"వస్తే ఏం చేసేవారు?"

"ఏముంది, దర్జాగా ఇల్లొకటి కొనేవాణ్ణి."

ఆవిడ టీ కప్పు పక్కన పెట్టి, గోడల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది.

"అయితే వచ్చేసిందనుకోండి. లేచి ఆ గడ్డి కోయండి."